నిలబడి ఆపినవాడు

రెమీ లారోక్ పేరు రాసిన తెల్ల పట్టీ కింద నేను గోరు దూర్చి, ఇక ఊడబెరకబోతుండగా హాలు తలుపు తెరుచుకుంది. పోయిన వారం మిమ్మల్ని ఆ గుమ్మంలోనే వదిలి వెళ్లాను. చలిగాలి వీపుకు తగులుతూనే ఉండి ఉంటుంది, లోపలికి రండి.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవారి కోసం నాలుగు ముక్కలు. మా హాల్‌బ్రైట్ ఊరు సస్కాచెవాన్ గోధుమ పొలాల నడుమ ఉంది. మా హాకీ జట్టు హారియర్స్‌కు యజమాని అంటూ ఒకడు లేడు, ఊరే యజమాని. ఏటా మే నెలలో లీగ్‌లోని జట్లన్నీ పదిహేనేళ్ల కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. దానికి ముందు వచ్చే శనివారం మా ఊళ్లో ఒక తంతు జరుగుతుంది. పదేళ్ల కిందటి డ్రాఫ్ట్‌లో మేం ఎంచుకున్న పేర్లను, స్టిక్కులకు చుట్టే తెల్ల టేపు ముక్కల మీద రాసి మా హాలుకూ, ఐస్ మీద ఆడే రింకుకూ మధ్యనున్న అద్దానికి అంటిస్తాం. ఒక్కో పేరూ చదివి అధ్యక్షుడు "ఉంచుదామా, ఊడదీద్దామా?" అని అడుగుతాడు. ఊడదీయమని జనం అరిస్తే, ఆ పట్టీని పాత పట్టీల ఉండకు చుట్టేస్తాం. ఆ ఉండ ఇప్పుడు గుమ్మడికాయంత అయింది. అంతా మా తప్పులే.

ఈ ఏడు అధ్యక్షుణ్ణి నేను, గార్నెట్ ఫ్రీసెన్‌ని. పాత ట్రాక్టర్లు, పంట కోసి నూర్చే కంబైన్లు వేలంలో కొని అమ్ముకునేవాణ్ణి. అమ్మిన ప్రతి యంత్రం దగ్గరా నేను వెనక్కి చూసుకుంటాను, కాబట్టి ఈ తంతు నాకు కొత్త కాదు. అయితే ఈసారి రెమీ పట్టీతో పాటు ఇంకొకటి కూడా ఊడిపోవాలి. అతణ్ణి ఎంచిన ఒరెస్ట్ హ్రిత్సాక్‌ను పని నుంచి తప్పించాలని జట్టు మేనేజరు బ్రెంట్ మక్వారీ ప్రతిపాదన పెట్టాడు. ఒరెస్ట్‌కు డెబ్బై దాటింది. పొరుగు ఊళ్ల రింకులన్నీ తిరిగి మా కోసం కుర్రాళ్లను చూసేది ఆయనే. ఊళ్లో సగం మంది ఆయన్ని గీదో అంటారు, ఉక్రేనియన్ ఇళ్లలో తాతను పిలిచే పిలుపు అది. భార్య పోయింది, పొలం కౌలుకిచ్చేశాడు. ఈ పనీ పోతే చలికాలం ఎందుకొస్తుందో ఆయనకు తెలియదు.

ఊరి కోపానికి కారణం ఉంది. పదేళ్ల కిందట మొదటి వంతు మాది. మా ఊరి పిల్లవాడే కెల్విన్ ఓస్ట్‌బీ ఎదురుగా ఉన్నాడు. ఒరెస్ట్ అతణ్ణి వదిలేసి, ఉత్తరాన సరస్సుల ఊరి నుంచి రెమీ అనే గోలీని, అంటే గోల్ కాసేవాణ్ణి, ఎంచాడు. కెల్విన్‌ను పక్క ఊరు ఎగరేసుకుపోయింది. ఇప్పుడు అతడు పెద్ద లీగ్‌లో ఆడుతున్నాడు, మా నీళ్ల ట్యాంకు మీద అతడి బొమ్మ ఉంది. రెమీ పంతొమ్మిదేళ్లకే ఆట మానేసి ఇంటికెళ్లిపోయాడు. బెంగపెట్టుకున్నాడని కొందరు, బద్ధకమని కొందరు అన్నారు.

ఆ రెమీయే గుమ్మంలో ఉన్నాడు. వెనకాల రెండు పెద్ద సంచులు మోసుకుంటూ కెల్విన్.

"తలుపేయండ్రా, వేడంతా బయటికిపోతోంది," అని క్యాంటీన్ కిటికీలోంచి ఇర్మా కేకేసింది. తర్వాత మనిషిని గుర్తుపట్టి చేతిలోని గరిటె కింద పెట్టింది. "ఓరి దేవుడా, రెమీ!"

హాలు కిక్కిరిసి ఉంది. మామూలుగా అయితే మే నెల శనివారం మా ఊళ్లో మగవాడు కనపడడు, అందరూ విత్తనాల మీద ఉంటారు. రెండు రోజులుగా వాన పడి పొలాలు బురదయ్యాయి కాబట్టి, రావడానికి ఎవరికీ అడ్డు లేకపోయింది. విత్తలేని రైతు కన్నా చిరాకైన మనిషి ఉండడు. ఆ చిరాకంతా ఒరెస్ట్ మీదకు తిప్పడానికి బ్రెంట్ మంచి రోజే చూసుకున్నాడు.

"గార్నీ, ఆ పట్టీ అలాగే ఉండనీ," అన్నాడు కెల్విన్. "గోరు కూడా తియ్యి."

గోరు తీశాను.

బ్రెంట్ లేచాడు. ఎత్తైన మనిషి, గొంతు కూడా ఎత్తే. "కెల్విన్, నువ్వు ఇవాళ మా అతిథివి. ముందు కూర్చో. భోజనమయ్యాక నీ చేతుల మీదుగా..."

"ఫొటో తీయిస్తారు, తెలుసు," అన్నాడు కెల్విన్. "బ్రెంట్, ఎక్కడికెళ్లినా నన్ను ఒక్కటే అడుగుతారు. సొంత ఊరివాళ్లే నిన్నెందుకు వదిలేశారు అని. నవ్వి ఊరుకుంటా. నాకు కారణం తెలుసు. మీకూ తెలియాలని వీణ్ణి తీసుకొచ్చా."

"చేపల వేటకని చెప్పి ఎక్కించుకున్నాడు," అన్నాడు రెమీ. మెల్లగా మాట్లాడే మనిషి. "సరస్సు ఎటుందో ఇంతవరకూ చూపలేదు."

జనం నవ్వారు. అతడు నవ్వలేదు. ఉత్తరాన కంకర రోడ్లు చదును చేసే యంత్రం నడుపుతాడు, మెడ ఆ ఎండకు కమిలి ఉంది. నడకలో ఒక కాలు కాస్త వెనకబడుతోంది. ఒరెస్ట్ వైపు చూసి టోపీ తీశాడు. "గీదో."

"వచ్చావా," అన్నాడు ఒరెస్ట్. ఆయన్ని అలా తల దించుకుని నేనెప్పుడూ చూడలేదు.

వసంతకాలపు శిక్షణ శిబిరం కోసం రింకులో ఐస్ ఇంకా తీయలేదు. కెల్విన్ కోరిక చిన్నది. తను గోల్ కొడతాడు, రెమీ ఆపుతాడు. ఊరు చూస్తుంది. ఆ తర్వాత పట్టీ ఉంచినా ఊడదీసినా అతడికి అభ్యంతరం లేదు.

"ఆరేళ్లుగా ప్యాడ్లు కట్టనివాడితోనా?" అన్నాడు బ్రెంట్. "దానివల్ల ఏం తేలుతుంది?"

"ఏమీ తేలకపోతే మీకేం నష్టం?" అన్నాను నేను. బేరంలో ఎదుటివాడు సరుకు చూపిస్తానంటే వద్దనేవాణ్ణి నేను నమ్మను.

అందరం కాఫీ కప్పులు పట్టుకుని అద్దం ముందు చేరాం. రెమీ పాత ప్యాడ్లు కట్టుకుని గోల్ ముందు నిలబడ్డాడు. కెల్విన్ నీలిగీత దగ్గర నుంచి కదిలాడు. ఆ కుర్రాడి వేగాన్ని టీవీలో చూసిన కళ్లకు, దగ్గరగా చూస్తే వేరే సంగతి. ఐస్ కోస్తున్న చప్పుడు వేరు. స్టిక్ కదిలింది. రెమీ రెండు మోకాళ్ల మీద పడి ప్యాడ్లను ఐస్ మీద పరిచాడు. పక్, ఆ నల్ల రబ్బరు బిళ్ల, అతడి భుజం మీదుగా వలలో పడింది.

మళ్లీ. మోకాళ్లు. వల.

మళ్లీ. ఈసారి అతడు లేవడానికి గోల్ స్తంభం పట్టుకున్నాడు.

"అదిగోనండీ మన మొదటి ఎంపిక!" అని వెనక నుంచి ఒకడు.

"పాపం ప్రార్థన చేసుకుంటున్నాడ్రా, ఆదివారం రేపు అని ఎవరైనా చెప్పండి!" అని ఇంకొకడు.

"మీ నోళ్లు పడ," అంది ఇర్మా. కానీ ఆమె కూడా చూడలేక తల తిప్పుకుంది.

బ్రెంట్ నా పక్కకు వచ్చాడు. అతడి ముఖంలో గెలుపేమీ లేదు, అలసట ఉంది. "గార్నీ, ఇది మంచి పని కాదు. ఆ అబ్బాయిని నలుగురిలో చిన్నబుచ్చుతున్నాం. పట్టీ తీసేయ్, అయిపోతుంది."

నాకూ అదే అనిపించింది. చెడిపోయిన కంబైన్‌ను జనం ముందు తిప్పించి చూపించినట్టుంది. ఆపమని చెప్పడానికి చెయ్యెత్తబోయాను.

అప్పుడు ఒరెస్ట్ అద్దం మీద అరచేత్తో కొట్టాడు. ఆ ముసలి గొంతు రింకు పైకప్పు దాకా వెళ్లింది.

"రెమీ! నీ ప్యాడ్లకు మోకాళ్ల దగ్గర మెత్త లేదనుకో!"

మాకెవరికీ ఏమీ అర్థం కాలేదు. రెమీ మాత్రం గిరుక్కున తిరిగాడు. ముసుగు లోపల ముఖం కనపడలేదు. తర్వాత స్టిక్‌తో తన రెండు మోకాళ్లనూ తట్టుకుని, గోల్ వదిలి నాలుగడుగులు ముందుకొచ్చాడు. కాళ్లు దగ్గరగా పెట్టి నిటారుగా నిలబడ్డాడు.

ఇప్పటి గోలీలు అలా నిలబడరు. మా తాతల కాలపు ఫొటోల్లో ఉంటారు అలా.

కెల్విన్ వచ్చాడు. కొట్టాడు. పక్ రెమీ ఛాతీకి తగిలి కింద పడింది. అతడు కదిలినట్టే లేదు.

రెండోసారి కెల్విన్ కుడి నుంచి ఎడమకు లాగి, పై మూలకు కొట్టాడు. ఆ దెబ్బతోనే అతడు పెద్ద లీగ్‌లో పేరు తెచ్చుకున్నాడు. రెమీ చెయ్యి అప్పటికే అక్కడుంది. పట్టుకోవడానికి చాచిన చెయ్యి కాదది, షెల్ఫ్ మీద పెట్టి ఉంచిన చెయ్యిలా ఉంది. పక్ వచ్చి అందులో కూర్చుంది.

నేను ముప్పై ఏళ్లు వేలాల్లో నిలబడ్డాను. ఎదుటివాడు చెయ్యెత్తే ముందే ఎత్తుతాడని అతడి మెడలో కనపడుతుంది. అది చూడగలిగిన రోజు నేను బాగా కొన్నాను, చూడలేని రోజు మోసపోయాను. ఆ కుర్రాడు కెల్విన్‌లో అదేదో చూస్తున్నాడు. స్టిక్ వైపు కాదు, పక్ వైపు కాదు. కెల్విన్‌కు తను ఎటు కొట్టబోతున్నాడో తెలిసే లోపే రెమీకి తెలిసిపోతోంది. పక్ ఎటు వస్తే అటు వెళ్లడం లేదు అతడు. అతడున్న చోటికి పక్ వస్తోంది.

ఎవరో కప్పు కింద పెట్టారు. ముందు వరసలోని రైతులు, అంతిమయాత్రకు తప్ప టోపీ తీయనివాళ్లు, టోపీలు తీసి చేతుల్లో పట్టుకున్నారు. ఎందుకు తీశారో వాళ్లకే తెలియదనుకుంటాను. కెల్విన్ ఇప్పుడు కోపంతో కొడుతున్నాడు. దగ్గర నుంచి, దూరం నుంచి, తిరిగి, ఆగి, ఆగినట్టు నటించి. ప్రతిసారీ ఆ మెత్తని చప్పుడే, ప్యాడ్‌కో ఛాతీకో పక్ తగిలే చప్పుడు. చివరికి కెల్విన్ స్టిక్ పారేసి ఐస్ మీద వెల్లకిలా పడి నవ్వడం మొదలుపెట్టాడు. పదిహేనేళ్ల పిల్లాడి నవ్వు అది.

"అప్పుడూ ఇంతే!" అని పైకప్పుకేసి అరిచాడు. "పధ్నాలుగేళ్లప్పుడు టోర్నమెంట్ మొత్తం వీడికి ఒక్కటి కూడా కొట్టలేకపోయాను! గీదో అప్పుడు చూశాడు! చూసే ఎంచాడు!"

ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు. మా ఊరు పదేళ్లుగా వెక్కిరించిన సరుకు, నా కళ్లు చూసినవాటన్నిటిలోకి గొప్పది.

"మోకాళ్ల మెత్త ఏంటి గీదో?" అని ఇర్మా గుసగుసగా అడిగింది, చర్చిలో అడిగినట్టు.

ఒరెస్ట్ అద్దం నుంచి కళ్లు తిప్పకుండా చెప్పాడు. "వాళ్ల ఊళ్లో గోలీ ప్యాడ్లు ఒకే జత ఉండేవి, తాతల నాటివి. మోకాలి దగ్గర మెత్త ఎప్పుడో చిరిగిపోయింది. మోకాళ్ల మీద పడితే ప్రాణం పోయేంత నొప్పి. అందుకని వీడు పడకుండా ఆపడం నేర్చుకున్నాడు. పడకూడదంటే ముందే తెలియాలి కదమ్మా. ముందే తెలుసుకోవడం నేర్చుకున్నాడు. నేను ఎంచింది దాన్ని."

"మరి ఇక్కడికొచ్చాక?"

అందరి తలలూ బ్రెంట్ వైపు తిరిగాయి. అప్పట్లో జట్టు కోచ్ అతడే.

"అందరూ అదే నేర్పేవారు," అన్నాడు బ్రెంట్. గొంతు తగ్గింది. "దేశంలో ప్రతి కోచ్ అదే. మోకాళ్ల మీద పడితే కింద సగం గోల్ మూసుకుపోతుంది. లెక్క అది. వీడొక్కడు నిలబడి ఉంటే, వీడికి ఎవరూ ఏమీ నేర్పలేదని నవ్వేవాళ్లు. నేను బాగుచేస్తున్నాననుకున్నాను. ఒట్టు."

"అనుకునే ఉంటావు," అన్నాడు ఒరెస్ట్. "తప్పు నీ ఒక్కడిదే కాదు బ్రెంట్. రెండో ఏడు నేను వచ్చి చూశాను. వీడు మోకాళ్ల మీద ఉన్నాడు. నోరు తెరవలేదు. ఎంచేవాడు కోచ్ గదిలోకి వెళ్లకూడదు. మా నాన్న కాలం నుంచీ అదే పద్ధతి. నా పని అయిపోయింది, ఇక వాళ్ల పని అనుకున్నాను. తప్పు కుర్రాణ్ణి ఎంచానని మీరు నన్ను తీసేస్తే నేనొప్పుకోను. చూసి కూడా మాట్లాడనందుకు తీసేస్తే, కోటు తగిలించుకుని వెళ్లిపోతా."

నాకు ఈ లెక్క బాగా తెలుసు. నేనమ్మిన యంత్రం కోతల మధ్యలో ఆగిపోతే, కొన్నవాడు నన్ను తిడతాడు. వెళ్లి చూస్తే చలికాలమంతా ఆరుబయట మంచులో పెట్టి ఉంటాడు. కొన్న కన్ను తప్పా, నిలవబెట్టిన చోటు తప్పా అన్నది ముందు తేల్చాలి. మేం పదేళ్ల తర్వాత వెనక్కి చూస్తున్నామని గర్వపడేవాళ్లం. చూసిందల్లా ఎవణ్ణి వదిలేశాం అన్నదొక్కటే. తెచ్చుకున్నవాణ్ణి ఏం చేశాం అన్నది ఎవరూ అడగలేదు. ఆ పట్టీల ఉండలో ఇంకెంతమంది ఇలా ఉన్నారో.

రెమీ ఐస్ దిగి వచ్చాడు. కెల్విన్ భుజం ఆసరా ఇచ్చాడు. బల్ల మీద కూర్చుని ముసుగు తీశాడు. జుట్టంతా చెమట. ముఖం మాత్రం మంచి నిద్ర లేచినవాడిలా ఉంది. ఇర్మా పెరోగీల పళ్లెం నిండా మీగడ పోసి అతడి ఒళ్లో పెట్టింది.

"తిను. ఇందాక నవ్విన వెధవలకు ఇవాళ నా వంటింట్లో ఏమీ లేదు."

"నేను నవ్వలేదు ఇర్మా!" అని వెనక నుంచి గొంతు.

"నీ గొంతు నేనెరగనా? ఆదివారం, ప్రార్థన అన్నది నువ్వే కదూ. వెళ్లి నీ ప్రార్థన నువ్వు చేసుకో."

నవ్వులు అయ్యాక నేను కుర్చీ ఎక్కాను. పట్టీ సంగతి మళ్లీ అడగనే లేదు, ఇక అడిగేదేముంది. "ప్రతిపాదన ఇంకా అలాగే ఉంది," అన్నాను. "ఒరెస్ట్‌ను తప్పించాలని. ఎంచడం ఆయన పని. ఎంచాడు. ఆయన ఎంచింది ఏమిటో ఇప్పుడే మనందరం చూశాం. ఆయన ఉండాలనేవాళ్లు చేతులెత్తండి."

ఒక్కసారి పొలం గాలికి లేచినట్టు చేతులు లేచాయి. లెక్కపెట్టాల్సిన అవసరం లేదు. ఒరెస్ట్ అద్దానికి వీపు ఆనించి, పెదాలు బిగించి నేలకేసి చూస్తున్నాడు. రేపటి నుంచి ఆయన ట్రక్కు మళ్లీ కంకర రోడ్ల మీద ఉంటుంది. ఆయన చలికాలం ఆయనకు దక్కింది.

నేను సుత్తితో బల్ల మీద కొట్టబోయాను. అప్పుడు జనమంతా ఒక పక్కకు చూస్తున్నారని గమనించాను. బ్రెంట్ కూడా చెయ్యెత్తాడు. తను పెట్టిన ప్రతిపాదనకు తనే ఎదురు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. చెయ్యి మాత్రం నిటారుగా, అందరికన్నా ఎత్తుగా ఉంది. నాకు అతడి మీద ఆ క్షణంలో పుట్టినంత గౌరవం ముప్పై ఏళ్లలో ఎప్పుడూ పుట్టలేదు.

"అధ్యక్షా," అన్నాడు రెమీ. నన్ను అలా ఎవరూ పిలవరు. పళ్లెం పక్కన పెట్టాడు. "చేతులు అలాగే ఉంచమని చెప్పండి. కాసేపే."

ఎవరూ దించలేదు.

"బ్రెంట్, మీరు చెయ్యెత్తినందుకు సంతోషం. నేర్పింది తప్పు కావచ్చు. మంచికే చేశారు, నేను నమ్ముతాను. నేను అడిగేది వేరే." అతడు తన తుంటి మీద చెయ్యి వేసుకున్నాడు. "నా రెండో ఏడు నడవలేకపోతుంటే మీరు నన్ను పట్నంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఎక్స్‌రేలు తీశారు. నన్ను బయట కూర్చోబెట్టి మీరొక్కరే లోపలికెళ్లారు. కారెక్కాక, ఏం లేదురా, కండరం పట్టేసింది, మంగళవారం ఆడాలి అన్నారు. ఇంకో రెండేళ్లు ఆ మోకాళ్ల మీదే పడుతూ ఆడాను. పోయిన నెల మా ఊరికి ఒక డాక్టరమ్మ వచ్చింది. నా తుంటి చూసి, మోకాళ్ల మీద పడీ పడీ కీలు అరిగిపోయింది, నీకు పదహారేళ్లప్పుడే ఎవరూ చెప్పలేదా అని అడిగింది."

ఒరెస్ట్ తలెత్తాడు. "ఏ డాక్టరు?" అన్నాడు. "బ్రెంట్, ఏ డాక్టరు?"

"ఆ రోజు లోపల మీకేం చెప్పారు?" అన్నాడు రెమీ.

హాలులో చేతులు ఒక్కొక్కటీ దిగిపోయాయి. బ్రెంట్ చెయ్యి ఒక్కటే పైన ఉంది. దాన్ని దించాలని అతడికి గుర్తు రావడం లేదు.